మంచాన పడిన మనిషిని నిలబెట్టే విద్య
ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీలలో ఉన్నత చదువులు

మానవ శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. జబ్బు చేసినప్పుడు చికిత్స చేయించుకోవడం మహాప్రవక్త (సఅసం) మనకు నేర్పిన సంప్రదాయం. అయితే చికిత్స అనగానే మన మనసులో మెదిలేవి మూడే: డాక్టరు, మందు, ఆపరేషన్. పక్షవాతం వచ్చిన ఇంటిపెద్ద ప్రాణాలతో ఆసుపత్రి నుంచి తిరిగివస్తే ‘అల్ హమ్దులిల్లాహ్’ అనుకుని ఊరట చెందుతాం. కాని ఆయనకు అసలు పరీక్ష ఆనాటి నుంచే ఆరంభమవుతుంది. కుడిచేయి లేవదు, అడుగు తడబడుతుంది. వుజూకు నీళ్ళు ఇంకొకరు పోయాలి, అన్నం ఇంకొకరు తినిపించాలి. నలభై ఏళ్ళు మసీదులో మొదటి పంక్తిలో నిలిచిన మనిషి గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఇంటివారు ప్రేమతో సేవ చేస్తారు, నూనె పట్టించి మర్దన చేస్తారు, దుఆ చేస్తారు. ఆరు నెలలు గడిచేసరికి ఆ చేయి ముడుచుకుని బిగిసిపోతుంది.

ఈ దశలో ఉపకరించే విద్యలు రెండున్నాయి. ఒకటి ఫిజియోథెరపీ, రెండవది ఆక్యుపేషనల్ థెరపీ. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివి, మెడికల్ సీటు రాక నిరాశలో ఉన్న పిల్లలు మన ఇళ్ళలో ప్రతి ఏటా కనిపిస్తారు. వారికి, వారి తల్లిదండ్రులకు ఈ రెండు విద్యలను, వాటిలోని ఉన్నత డిగ్రీలను పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు విద్యలు, ఒకే గమ్యం

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. ఫిజియోథెరపీ కదలికకు సంబంధించినది. కండరాల బలం, కీళ్ళ వంపు, శరీరపు నిలకడ, నడక, ఊపిరి, నొప్పి నివారణ దీని పరిధిలోకి వస్తాయి. ఆక్యుపేషనల్ థెరపీ దైనందిన పనులకు సంబంధించినది. ఆక్యుపేషన్ అన్న మాట చూసి ఇది ఉద్యోగం చూపించే విద్య అనుకోరాదు. మనిషి రోజంతా తన కోసం, తనవారి కోసం చేసుకునే ప్రతి పనీ ఈ విద్య దృష్టిలో ఆక్యుపేషనే.

పైన చెప్పిన పక్షవాత రోగినే తీసుకుందాం. ఆయనను మంచం మీద నుంచి లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, అడుగు వేయించడం, భుజం బిగిసిపోకుండా చూడడం ఫిజియోథెరపిస్టు పని. ఒంటిచేత్తో కుర్తా తొడుక్కోవడం, చెంచా పట్టుకుని తినడం, స్టూలు మీద కూర్చుని కుళాయి కింద స్వయంగా వుజూ చేసుకోవడం నేర్పేది ఆక్యుపేషనల్ థెరపిస్టు. స్నానాల గదిలో పట్టుకునేందుకు కమ్మీ ఎక్కడ బిగించాలి, గడప ఎత్తు ఎలా తగ్గించాలి, రొట్టెలు చేసే గృహిణికి వంటగదిలో ఏ వస్తువు ఎంత ఎత్తులో ఉండాలి అన్నది ఆలోచించేదీ ఆ థెరపిస్టే.

పిల్లల విషయంలో ఈ విద్యల అవసరం ఇంకా ఎక్కువ. సెరిబ్రల్ పాల్సీతో పుట్టిన పసివాడు మెడ నిలపడు, ఆటిజం ఉన్న బిడ్డ పిలిస్తే పలకదు. అటువంటి బిడ్డను జిన్ను ఆవహించిందని తావీజుల చుట్టూ తిప్పుతూ రెండు మూడేళ్ళు గడిపేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. రుఖ్యా, దుఆ విశ్వాసికి బలం, వాటిని ఎవరూ కాదనరు. అయితే దుఆ చేస్తూనే మందు వాడమన్నది మన ధర్మం. మెదడు వేగంగా ఎదిగే తొలి సంవత్సరాలలో శిక్షణ అందితే కలిగే మేలు, ఆలస్యమైతే అదే స్థాయిలో కలగదు. ప్రభుత్వం 2013లో ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో ఏర్పాటైన సత్వర చికిత్సా కేంద్రాలు, మన రెండు రాష్ట్రాలలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలాలలో నడిచే భవిత కేంద్రాలు ఈ పని కోసమే ఏర్పడ్డాయి. అక్కడ కూడా శిక్షణ పొందిన థెరపిస్టులు కావాలి.

ఇది ఫర్జె కిఫాయా

‘దీనీ విద్యకు, ఈ చదువుకు సంబంధం ఏమిటి?’ అని అడిగేవారు ఉండవచ్చు. సమాజంలో కొందరైనా నేర్చుకోకపోతే అందరూ దోషులయ్యే విద్యను ఫుఖహాలు ఫర్జె కిఫాయా అన్నారు. ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహి అలైహి) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో వైద్యాన్ని ఈ కోవలోనే చేర్చారు. తన కాలంలో కొన్ని పట్టణాలలో ముస్లిం వైద్యుడే లేకున్నా, ప్రజలు ఆ లోటు పూడ్చకుండా ఫిఖ్హ్ వాద వివాదాల వైపే పరుగులు తీస్తున్నారని ఆయన ఆవేదన చెందారు. తొమ్మిది వందల ఏళ్ళ నాటి ఆ హెచ్చరిక మదరసాలలో బోధించే మా వంటివారికి ముందుగా వర్తిస్తుంది.

సహాబియాత్‌లో హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి) క్షతగాత్రులకు చికిత్స చేసేవారు. ఖందఖ్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ని ఆమె గుడారంలోనే ఉంచారని సీరత్ గ్రంథాలు తెలుపుతున్నాయి. తరువాతి కాలంలో ఇబ్నె సీనా తన ‘అల్ ఖానూన్’ గ్రంథంలో వ్యాయామానికి, మర్దనకు, వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు ప్రత్యేక అధ్యాయాలు కేటాయించారు. కదలిక కూడా చికిత్సే అన్న భావన మనకు కొత్తది కాదు.

నమాజు విషయమే చూడండి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అనారోగ్యంతో ఉండి నమాజు గురించి అడిగినప్పుడు, నిలబడి చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు ఒరిగి చేయమని దైవప్రవక్త (సఅసం) బోధించారు. షరీఅత్ రోగికి ఇచ్చిన సౌలభ్యం ఇది. కూర్చుని చేసే స్థితి నుంచి మళ్ళీ నిలబడి చేసే స్థితికి చేర్చగల మార్గం ఉన్నప్పుడు ఆ మార్గాన్ని వెతకడమూ మన బాధ్యతే. నేడు ఏ మసీదుకు వెళ్ళినా పంక్తుల చివర కుర్చీల సంఖ్య పెరుగుతోంది. ఆ కుర్చీలలో కూర్చున్నవారిలో కొందరి మోకాళ్ళు, నడుములు తగిన వ్యాయామంతో కొంతవరకైనా కుదుటపడగలవు.

మొదటి మెట్టు: డిగ్రీ

మన దేశంలో ఈ రంగంలో మాస్టర్స్ చదవాలంటే అదే రంగంలో డిగ్రీ ఉండాలి. ఫిజియోథెరపీలో బి.పి.టి., ఆక్యుపేషనల్ థెరపీలో బి.ఓ.టి. ఆ డిగ్రీలు. ఇంటర్మీడియట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివి ఉండాలి. ఇప్పటివరకు ఈ కోర్సులు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నర సంవత్సరాలు నడిచాయి. 2021లో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం ఏర్పడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ ఈ రెండు వృత్తులనూ తన పరిధిలోకి తీసుకుంది. అది 2025లో ఫిజియోథెరపీకి విడుదల చేసిన కొత్త పాఠ్యప్రణాళిక ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్ళ కోర్సును నిర్దేశించింది. ప్రవేశాలను జాతీయ స్థాయి పరీక్షతో ముడిపెట్టే దిశగానూ అడుగులు పడుతున్నాయి. కనుక నిరుటి విద్యార్థి చెప్పిన మాట మీద ఆధారపడక, చేరే ఏడాది వెలువడిన నోటిఫికేషన్‌ను స్వయంగా చదవాలి.

ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డా. ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఫిజియోథెరపీ కళాశాలలు ఉన్నాయి. హైదరాబాదు నిమ్స్, తిరుపతి స్విమ్స్ సంస్థలు డిగ్రీతో పాటు ఎం.పి.టి. కూడా నడుపుతున్నాయి. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా, జామియా హమ్దర్ద్‌లలో ఫిజియోథెరపీ విభాగాలు ఉన్నాయి.

ఆక్యుపేషనల్ థెరపీ కళాశాలలు మన రెండు రాష్ట్రాలలో బహు స్వల్పం. ఈ విద్యకు దేశంలో తొలి పాఠశాల 1950లో ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో కమలా నింబ్కర్ కృషితో ఆరంభమైంది. నేడు కేంద్ర ప్రభుత్వ సంస్థలలో కటక్ సమీపంలోని ఓలట్‌పూర్‌లో ఉన్న స్వామి వివేకానంద జాతీయ సంస్థ, కోల్‌కతాలోని జాతీయ లోకోమోటర్ వైకల్య సంస్థ, చెన్నై సమీపంలోని ముట్టుకాడులో ఉన్న బహువిధ వైకల్యాల జాతీయ సంస్థ, ఢిల్లీలోని పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ సంస్థ ఈ విద్యకు పేరుపొందాయి. వీటి డిగ్రీ సీట్లకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష జరిపే పద్ధతి ఉంది. ప్రైవేటు రంగంలో వెల్లూరు సి.ఎం.సి., మణిపాల్ చెప్పుకోదగినవి. పొరుగు రాష్ట్రానికి పంపడం కష్టమనిపించినా, తెలుగు తల్లులతో తెలుగులో మాట్లాడగల ఆక్యుపేషనల్ థెరపిస్టుల కొరత వల్ల ఈ చదువుకు మన ప్రాంతంలో ఎంతో విలువ ఉంది.

రెండవ మెట్టు: మాస్టర్స్

ఎం.పి.టి., ఎం.ఓ.టి. రెండూ రెండేళ్ళ కోర్సులే. ఇక్కడ విద్యార్థి ఒక శాఖను ఎంచుకుంటాడు. ఎం.పి.టి.లో ఎముకలు-కీళ్ళు, నాడీవ్యవస్థ, గుండె-ఊపిరితిత్తులు, క్రీడలు, పిల్లలు, స్త్రీల ఆరోగ్యం, సామాజిక పునరావాసం వంటి శాఖలు ఉంటాయి. ఎం.ఓ.టి.లో పిల్లల ఎదుగుదల లోపాలు, నాడీ సంబంధ వ్యాధులు, చేతి పునరావాసం, మానసిక ఆరోగ్యం ముఖ్యమైనవి. ఏ కళాశాలలోనూ అన్ని శాఖలూ ఉండవు. అందుచేత ముందు శాఖను, తరువాత కళాశాలను ఎంచుకోవడం మేలు.

శాఖను ఎలా ఎంచుకోవాలి? క్రీడల శాఖ యువకులను ఎంతగానో ఆకర్షిస్తుంది, కాని ఆ అవకాశాలు పెద్ద నగరాలకే పరిమితం. మోకాళ్ళు, నడుము, మెడ నొప్పుల రోగులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు కనుక ఎముకలు-కీళ్ళ శాఖ చదివినవారు చిన్న పట్టణంలోనూ క్లినిక్ నిలబెట్టుకోగలరు. పక్షవాతం రోగులకు దీర్ఘకాలం చికిత్స అవసరం కనుక నాడీ శాఖకు ఆదరణ తగ్గదు. పిల్లల శాఖకు ఓపిక కావాలి. ఒక బిడ్డ చెంచా పట్టుకోవడానికి నెలలు పట్టవచ్చు. ఆ ఓపిక ఉన్నవారు మాత్రమే దాన్ని ఎంచుకోవాలి. కళాశాలలో బోధించాలనుకునేవారికి మాస్టర్స్ తప్పనిసరి. ఆపైన పిహెచ్.డి. కూడా ఉంది.

ఒక నిజాన్ని దాచకూడదు. డిగ్రీ పూర్తికాగానే పెద్ద జీతాలు రావు. చిన్న ఆసుపత్రులలో తొలి జీతం తల్లిదండ్రులు ఆశించినదానికంటే చాలా తక్కువగా ఉంటుంది, ప్రభుత్వ ఉద్యోగాలు కొద్దే. కొన్నేళ్ళ అనుభవం, మంచి పేరు, ఒక శాఖలో నైపుణ్యం వచ్చాక పరిస్థితి మెరుగుపడుతుంది. త్వరగా డబ్బు కోసమే చేరే పిల్లవాడు మధ్యలో విసిగిపోతాడు.

విదేశాలలో

మన యువకులలో చాలామంది దృష్టి గల్ఫ్ మీద ఉంటుంది. సౌదీ అరేబియాలో ఆరోగ్య వృత్తుల కమిషన్, దుబాయిలో అక్కడి ఆరోగ్య విభాగం లైసెన్సు ఇస్తాయి. సర్టిఫికెట్లను అవి జారీ అయిన చోటే సరిచూసే డేటాఫ్లో పరిశీలన, కంప్యూటర్ మీద రాసే పరీక్ష, సాధారణంగా కొంత పని అనుభవం అవసరమవుతాయి. కనుక గుర్తింపులేని సంస్థ ఇచ్చిన కాగితం అక్కడ నిలవదు.

అమెరికా పద్ధతి వేరు. అక్కడ ఫిజియోథెరపీని ఫిజికల్ థెరపీ అంటారు. ఆ వృత్తిలో ప్రవేశించడానికి చదివేది డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ, సుమారు మూడేళ్ళు. వేరే సబ్జెక్టులో డిగ్రీ చేసినవారు కూడా నిర్దేశిత విజ్ఞానశాస్త్ర పాఠాలు పూర్తిచేసి ఇందులో చేరవచ్చు. ఆక్యుపేషనల్ థెరపీలో మాస్టర్స్, డాక్టరేట్ అని రెండు దారులున్నాయి. రెండూ ఒకే జాతీయ పరీక్షకు చేరుస్తాయి. ఇక్కడ బి.పి.టి. చదివి వెళ్ళినవారి పాఠ్యాంశాలను అక్కడి చదువుతో పోల్చి చూసిన తరువాతే లైసెన్సు పరీక్షకు అనుమతిస్తారు. ఆక్యుపేషనల్ థెరపీ వారికి మరొక షరతు ఉంది. చదివిన కోర్సుకు ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఆమోదం ఉండాలి. దేశంలో 1952లో ఏర్పడిన అఖిల భారత ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం గుర్తింపును చూసుకుంటే ఈ విషయం తెలుస్తుంది. బ్రిటన్‌లో ఆరోగ్య వృత్తుల మండలి వద్ద నమోదు కానివారు ఈ వృత్తి పేరును వాడుకోవడం చట్టవిరుద్ధం. వేరే డిగ్రీ ఉన్నవారి కోసం అక్కడ రెండేళ్ళ ఎం.ఎస్సీ. ఉంది.

ఆడబిడ్డల ప్రశ్న

ఈ విషయంలో మన ఇళ్ళలో తరచు తలెత్తే సందిగ్ధం ఒకటుంది. ఈ వృత్తిలో రోగి శరీరాన్ని తాకవలసి వస్తుంది. మరి ఆడపిల్లను పంపవచ్చునా? ఈ ప్రశ్నను మరొక వైపు నుంచి కూడా చూడాలి. ప్రసవం తరువాత నడుము పట్టేసిన తల్లి, మూత్రం ఆపుకోలేక ఎవరికీ చెప్పుకోలేని స్త్రీ, రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తరువాత చేయి వాచి ఎత్తలేకపోతున్న సోదరి ఎవరి వద్దకు వెళ్ళాలి? స్త్రీ థెరపిస్టు లేని ఊరిలో వీరిలో చాలామంది చికిత్సే మానుకుని బాధను మౌనంగా భరిస్తున్నారు. గత్యంతరం లేనప్పుడు పురుష వైద్యుని చేత, అవసరమైనంత మేరకు చికిత్స చేయించుకోవచ్చని ఫుఖహాలు అనుమతించారు. ఆ గత్యంతరం కల్పించవలసింది మనమే. మన కుమార్తెలను చదివించకుండా మన స్త్రీలకు స్త్రీ వైద్యులే కావాలని కోరడం న్యాయం కాదు.

చదువుకునే కాలంలో పురుష రోగులను పరీక్షించే సందర్భాలు వస్తాయన్నది వాస్తవం. కళాశాలలో చేరేముందే ఈ విషయం మాట్లాడుకోవాలి. ప్రయోగ తరగతులలో బాలికలు బాలికలతోనే సాధన చేసే ఏర్పాటు ఉందా, హిజాబుకు ఇబ్బంది ఉందా, హాస్టల్ ఎలా ఉంది అని అడగడానికి తల్లిదండ్రులు సంకోచించకూడదు. సందేహం మిగిలితే విశ్వసనీయుడైన ముఫ్తీని సంప్రదించి నిర్ణయించుకోవాలి. స్త్రీల ఆరోగ్యం, పిల్లల శాఖలు ఎంచుకున్నవారికి ఆ తరువాత వృత్తిలో ఈ ఇబ్బంది చాలావరకు తొలగిపోతుంది. పెళ్ళి సంబంధం వచ్చిందని ఇంటర్న్‌షిప్ మధ్యలో చదువు మాన్పించడం మాత్రం తగదు. ఇంటర్న్‌షిప్ పూర్తికానిదే పట్టా రాదు. నాలుగేళ్ళ శ్రమ వృథా అవుతుంది.

ఖర్చు, వడ్డీ, జకాత్

ప్రభుత్వ కోటా సీటుకు, యాజమాన్య కోటా సీటుకు ఫీజులో చాలా తేడా ఉంటుంది. షేక్ తదితర ముస్లిం వర్గాలకు 2007 నుంచి బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ అమలులో ఉంది. దూదేకులవారు బీసీ-బి కిందకు వస్తారు. ఈ జాబితాలలో లేని సయ్యద్, పఠాన్ తదితరులు ఆదాయ పరిమితికి లోబడి ఆర్థికంగా బలహీన వర్గాల సర్టిఫికెట్ పొందవచ్చు. కౌన్సెలింగ్ నాటికి ఈ పత్రాలు చేతిలో లేక సీటు పోగొట్టుకోవడం విచారకరం. ఇంటర్ రెండవ సంవత్సరంలోనే వాటిని సిద్ధం చేసుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వివరాలను కళాశాల కార్యాలయంలోనూ, మైనారిటీ సంక్షేమ కార్యాలయంలోనూ విచారించాలి. విదేశాలలో పీజీ చదివే మైనారిటీ విద్యార్థులకు తెలంగాణలో ముఖ్యమంత్రి పేరిట సహాయ పథకం ఉంది. ఎంచుకున్న కోర్సు దాని జాబితాలో ఉన్నదో లేదో దరఖాస్తుకు ముందే చూసుకోవాలి.

ఇక విద్యారుణం. బ్యాంకు వడ్డీ రిబా అన్న భయంతో ఎందరో తల్లిదండ్రులు పిల్లల చదువే ఆపేస్తున్నారు. వారి భయం గౌరవింపదగినది. వడ్డీ తగ్గినంత మాత్రాన అది వడ్డీ కాకుండా పోదు. అయితే వారిని ‘వడ్డీ హరామ్’ అన్న ఒక్క మాటతో వదిలివేసి సమాజం చేతులు దులుపుకోవచ్చునా? హరామ్ అని చెప్పినవారిపై హలాల్ మార్గం చూపించే బాధ్యత కూడా ఉంది. నిసాబు లేని నిరుపేద విద్యార్థి జకాత్‌కు అర్హుడు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఆ సొమ్మును అతని చేతికి ఇచ్చి అతన్ని దానికి యజమానిని చేయాలి. అప్పుడు అతడే ఫీజు చెల్లించుకుంటాడు. తల్లిదండ్రులు తమ జకాత్‌ను కన్న బిడ్డకు ఇవ్వరాదు, కాని మేనమామలు, బాబాయిలు ఇవ్వవచ్చు. సయ్యద్ కుటుంబాల పిల్లలకు జకాత్ కాక నఫిల్ సదఖా, హదియా రూపంలో సాయపడాలి. స్థోమత ఉండి కేవలం నగదు చాలనివారికి కర్జె హసనా ఇవ్వాలి. ప్రతి మసీదు కమిటీ ఏడాదికి ఒక్క విద్యార్థి బాధ్యత తీసుకున్నా ఐదేళ్ళలో ఆ పేటకు ఒక థెరపిస్టు తయారవుతారు. చదువు ముగించాక వారానికి ఒక పూట పేదలకు ఉచితంగా సేవ చేస్తానని ఆ విద్యార్థి మనఃపూర్వకంగా సంకల్పించుకుంటే ఆ పుణ్యంలో అందరికీ భాగం లభిస్తుంది.

చేరేముందు చూడవలసినవి

కళాశాలను ఎంచుకునే ముందు నాలుగు విషయాలు విచారించాలి. మొదటిది, విశ్వవిద్యాలయపు గుర్తింపు. ఆరు నెలల డిప్లొమాతో థెరపిస్టు కావచ్చనే ప్రకటనలను నమ్మరాదు. రెండవది, ఆసుపత్రి. రోగులు లేని కళాశాలలో చదివినవాడు పుస్తకంలో ఈత నేర్చినవానితో సమానం. రోజూ ఎందరు రోగులు వస్తారో ఒక ఉదయం వెళ్ళి కూర్చుని చూడాలి. మూడవది, అధ్యాపకులు. మాస్టర్స్ నడిపే శాఖలో ఆ శాఖనే చదివినవారు బోధిస్తున్నారా? నాలుగవది, అక్కడ చదివి బయటకు వచ్చినవారి మాట. ఇద్దరు ముగ్గురు పూర్వ విద్యార్థులతో మాట్లాడితే ప్రకటనలలో లేని విషయాలు తెలుస్తాయి.

అన్నిటికంటే ముందు పిల్లవాని మనసు తెలుసుకోవాలి. ఎం.బి.బి.ఎస్. రాలేదు కనుక ఇదైనా అన్న భావంతో చేర్చితే ఆ చిన్నచూపు బిడ్డకూ అంటుకుంటుంది. ఒక వారం ఏదైనా ఫిజియోథెరపీ విభాగంలో కూర్చుని చూడనివ్వండి. పడిపోతానేమోనన్న భయంతో వణికే వృద్ధుడు రెండు కమ్మీల మధ్య మొదటి అడుగు వేసినప్పుడు మీ బిడ్డ ముఖం వెలిగితే, ఈ చదువు వానికి తగినదే.

మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను, రోగుల పట్ల దయగల హృదయాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! మంచాన ఉన్న మన పెద్దలకు స్వస్థత చేకూర్చి, మళ్ళీ తమ కాళ్ళ మీద మసీదుకు నడిచే భాగ్యం కలిగించుగాక! ఆమీన్.